వెనక్కి నడిచిన జపం

వరల్డ్ కప్ ఇంకా రాని ఆ రోజుల్లో, అది వచ్చేలోపు మేమే పోతామేమో అన్నంత పని ఉన్న ఆ రోజుల్లో, దోహాలో ఎవరి నోట విన్నా ఒకటే మాట: "యల్లా, యల్లా!" పదండి పదండి అని. పొద్దున డ్యూటీకి యల్లా, మధ్యాహ్నం తిండికి యల్లా, ఆఖరికి నిద్రపోవడానికి కూడా యల్లాయే. నేనప్పుడు ఒక స్టేడియం చుట్టూ రోడ్లూ పార్కింగులూ వేసే కంపెనీలో క్వాంటిటీ సర్వేయర్ని. పేరు గొప్పగా ఉంది గానీ, అసలు పని లెక్కపెట్టడం. ఎన్ని లారీల కంకర దిగింది, ఎన్ని దీపస్తంభాలు నిలబెట్టారు, ఎంత మేర రాళ్ళు పరిచారు, అన్నీ లెక్కపెట్టి చెప్పాలి. చక్కగా లెక్కపెడతానని కంపెనీ వాళ్ళే ఓసారి అందరి ముందూ నిలబెట్టి, చేతిలో ఒక గాజు జ్ఞాపిక పెట్టి చప్పట్లు కొట్టారు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, అదే కంపెనీ, అదే మనుషులు, లెక్కపెట్టినందుకే నన్ను దొంగను చేశారు. తలుచుకుంటే ఈ రోజుకీ నాకు అన్నం సహించదు. (సహించకపోయినా తింటాననుకోండి, అది వేరే విషయం.)

అప్పట్లో నాకో సంబంధం కుదిరింది. అమ్మాయిది తణుకు. నేను చూసింది ఒక్కసారే, అదీ ఫోన్ వీడియోలో, వాళ్ళ పెద్దమ్మలూ మేనత్తలూ చుట్టూ మూగి ఉండగా. అయినా నాకు బాగా నచ్చింది. నిశ్చితార్థానికి ముహూర్తం పెట్టారు, నాకు సెలవు దొరకలేదు. ఇంకో ముహూర్తం పెట్టారు, అప్పుడూ దొరకలేదు. మూడోసారి పిల్ల తండ్రి మా నాన్నతో తేల్చి చెప్పేశారు: "ఈసారీ అబ్బాయి రాకపోతే ఎవరి దారి వాళ్ళదేనండీ." ఆయన్ని అనడానికీ లేదు. ఎక్కడో బంతాట ఉందని కాబోయే అల్లుడు రావడం లేదంటే, ఊళ్ళో ఆయన మొహం ఎలా చూపిస్తారు? ఇక్కడేమో కప్పు అయ్యేదాకా సెలవులన్నీ బంద్. తెలుగావిడే కదా అని ఆశపడి మా హెచ్చార్ మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడది హైదరాబాదు, దోహాలోనే అల్ హిలాల్‌లో కాపురం. "నిశ్చితార్థం ఎమర్జెన్సీ కిందికి రాదండీ," అంది, కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండా. "మరి ఏది వస్తుందండీ?" అన్నాను. "చావు." "ఎవరిదండీ?" "దగ్గరి బంధువులది. మీదైతే సెలవుతో పనుండదు కదా!" అంది. నవ్వలేదు కూడా!

అలాంటి మనిషే, జనం నీరసపడిపోతున్నారని, స్టాఫ్‌కి సరదాగా "క్యాసినో సాయంత్రం" పెట్టింది. ఖతార్‌లో క్యాసినోలెక్కడివి? జూదమంటే నేరుగా జైలుకే. అందుకని పైసా పెట్టక్కర్లేకుండా ప్లాస్టిక్ బిళ్ళలతోనే ఆట అనీ, గెలిచినవాళ్ళకి వెంటనే వారం రోజులు సెలవనీ నోటీసు అంటించింది. ఎవరికీ అనుమానం రాకుండా పక్కనే "మాఫీ ఫులూస్", అంటే డబ్బుల్లేవు అని ఎర్రటి అక్షరాలు. ఆట పేరు ట్వంటీ వన్. అది చదవగానే నేను ఎగిరి గంతేశాను. భీమవరం వాణ్ణి, ఇరవై ఒక్క ముక్కల రమ్మీ మాకొకరు నేర్పాలా? సంతకం పెట్టేసి, సెలవు వచ్చేసినట్టే గదికి వెళ్ళి సూట్‌కేసు దించాను. అల్ వుకైర్‌లో నాతో పాటు గదిలో ఉండే ఆయన్ని అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయనది జగిత్యాల, మా స్టోర్స్‌లో పని. నా సంగతంతా విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓరి తమ్మీ, గది మన రమ్మీ గాదురా. ముక్కల మీది అంకెలు కలుపుకుంట పోవాలె, ఇరవై ఒకటి దాటితె సచ్చినవ్. ఇంగ్లీషోళ్ళ ఆట గది." ఇది న్యాయమేనా చెప్పండి? ఇరవై ఒకటి అన్న పేరు మాది. వాళ్ళెవరో పట్టుకుపోయి రెండు ముక్కలతో మొదలయ్యే ఆటకి పెట్టుకున్నారు!

అయినా వెనక్కి తగ్గలేదు. ఇద్దరం ఫోన్లో వీడియోలు చూసి కిటుకు పట్టాం. చిన్న ముక్క బయటపడితే ఒకటి కలపాలి. బొమ్మ గానీ పది గానీ ఆసు గానీ పడితే ఒకటి తీసెయ్యాలి. లెక్క బాగా పైకి వెళ్ళిందంటే కట్టలో పెద్ద ముక్కలే మిగిలాయన్నమాట, అప్పుడు బిళ్ళలు ఎక్కువ కాయాలి. అంతే. ఇందులో మంత్రమూ లేదు, మాయా లేదు. అన్న కూర కలుపుతూ ఒక్కో పేకముక్కా గట్టు మీద పడేస్తుంటే నేను లెక్క చెప్పేవాణ్ణి. లెక్క తప్పితే ఆ పూట గిన్నెలు నావే. "అసలు సంగతి యాద్‌పెట్టుకో," అన్నాడు అన్న. "గీ లెక్క వెట్టేటోళ్ళను క్యాసినోల గల్ల వట్టి బయటికి నూకుతరట. ఎవ్వనికీ అనుమానం రావద్దు. మొఖం ఏం తెల్వనోని తీరు వెట్టాలె." "ఎలా పెట్టాలన్నా?" అంటే నా వైపు కాసేపు చూసి, "నువ్వేం కష్టపడకు. నీకది పుట్టుకతోనే ఉన్నది," అన్నాడు.

ఆ శుక్రవారం బిర్కత్ అల్ అవామిర్ క్యాంప్‌లో మెస్ హాలు ఖాళీ చేసి, బల్లల మీద ఆకుపచ్చ గుడ్డలు పరిచారు. రిసెప్షన్‌లో ఉండే ఫిలిప్పీన్స్ అమ్మాయి నల్ల కోటు వేసుకుని ముక్కలు పంచుతోంది. మేడమ్ కూడా నల్ల కోటే, చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య తిరుగుతోంది. పరీక్ష హాల్లో ఇన్విజిలేటరు నయం. నేను అన్న చెప్పినట్టే అమాయకత్వం నటించాను. ఇస్పేటు ఆసు పట్టుకుని "ఇదేం ముక్కండీ?" అని అడిగాను. గెలిచినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. మధ్యమధ్య విమ్టో తాగి పొలమారాను. (ఒకసారి నిజంగానే పొలమారింది.) ఇదంతా చేస్తూ లెక్క ఎక్కడ పెట్టుకోవాలి? మనసులో పెట్టుకుంటే పెదవులు కదులుతున్నాయి. అందుకని ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో వేళ్ళ కణుపుల మీద లెక్కించాను. చిన్న ముక్కకి ఒక కణుపు ముందుకి, బొమ్మకి ఒక కణుపు వెనక్కి. అది చూసి అందరూ నేను ప్రార్థన చేసుకుంటున్నాననుకున్నారు. పంచే అమ్మాయి గొంతు తగ్గించింది. పక్క కుర్చీలో ఉన్న సేఫ్టీ ఆఫీసరైతే భక్తిగా కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు. నా ముందు బిళ్ళలు దొంతరలు దొంతరలుగా పెరిగాయి. నా కళ్ళకి దోహా విమానాశ్రయం కనిపించింది, తణుకు కనిపించింది, పట్టుచీరలో ఆ అమ్మాయి కూడా కనిపించింది.

ఆ తర్వాత నా కుర్చీ వెనక మేడమ్ గొంతు వినిపించింది, అదీ తెలుగులో. "జపం చేసుకుంటున్నారా?"

"అవునండీ. ఆంజనేయస్వామిదండీ."

"మంచిది. మా అమ్మమ్మ కూడా రోజూ చేస్తుంది," అని కాసేపు నా చెయ్యి వైపే చూసింది. "కానీ ఆమె వేలు ఎప్పుడూ ముందుకే పోతుంది. మీది వెనక్కి కూడా వస్తుందేంటండీ? చేసిన జపం వాపస్ తీసుకుంటున్నారా?"

అంత పెద్ద హాల్లో, అన్ని దేశాల వాళ్ళ మధ్య, నన్ను పట్టుకోగలిగిన మనిషి ఒక్కతే ఒక్కతి ఉంది, ఆవిడ నా భాష మనిషే! నన్ను ఆటలోంచి లేపేసింది. నాకు కోపం నషాళానికంటింది. "మేడమ్, నేను ముక్కలు దాచానా?" "లేదు." "పక్కవాళ్ళవి తొంగి చూశానా?" "లేదు." "మరి నేను చేసిన తప్పేంటండీ?" "పడిన ముక్కలు గుర్తుపెట్టుకున్నారు. సరదాకి పెట్టిన ఆట ఇది, ఇంత సీరియస్‌గా ఆడితే ఎట్లా?" గుర్తుపెట్టుకోవడం తప్పట! కంకర లారీ ఒక్కటి గుర్తులేకపోతే మెమో ఇచ్చే కంపెనీలో, గుర్తున్నందుకు శిక్షట! ఇంతకీ గెలిచిందెవరనుకున్నారు? ఆ సేఫ్టీ ఆఫీసరు. లోకమంతటికీ హెల్మెట్ పెట్టుకోమని చెప్పే ఆ మహానుభావుడు చేతిలో ఇరవై పెట్టుకుని కూడా ఇంకో ముక్క అడిగాడు, దానికి ఆసు పడింది. ఆసు అంటే ఒకటి, సరిగ్గా ఇరవై ఒకటి! ఆయన పెళ్ళాం పిల్లలూ దోహాలోనే ఉన్నారు. ఆ సెలవు వారమంతా ఇంట్లో తోచడం లేదని రోజూ ఆఫీసుకొచ్చి మా టీ తాగి వెళ్ళాడు.

క్యాంప్ గేటు బయట, వరసగా పోతున్న లారీల దుమ్ములో నిలబడి నేను పళ్ళు నూరుతుంటే అన్న వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "ఆ పిల్లకు ఫోన్ జెయ్యి తమ్మీ. మీ నాయనతోని చెప్పియ్యకు, నువ్వే చెప్పు." అంతకుముందు నేను ఆ అమ్మాయితో విడిగా ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఆ దుమ్ములోనే ఫోన్ చేశాను. ఆ అమ్మాయి "హలో" అనడమే తరువాయి, పేరైనా చెప్పకుండా మొదలుపెట్టాను: ఎమర్జెన్సీ, చావు, ట్వంటీ వన్, గిన్నెలు, విమ్టో, జపం, అన్నీ. ఊపిరి తీసుకోవడానికి ఆగితే అట్నుంచి నెమ్మదిగా వినిపించింది. "ఆ జపం దగ్గర మళ్ళీ ఒకసారి చెప్పరా?" చెప్పాను. ఒకటే నవ్వు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నవ్వుతారేంటండీ? నేను రావడం లేదు. మన సంబంధం పోయింది!" అన్నాను. నవ్వు ఆగిపోయింది. "సెలవు కోసం పేకాట నేర్చుకున్నారా?" అంది. "నాన్నతో నేను మాట్లాడతాను. మీరు ఇంకెవరితోనూ గొడవ పెట్టుకోకండి."

ఏం మాట్లాడిందో తెలియదు, ఆయన కప్పు అయ్యేదాకా ఆగారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఈ విషయంలో మా ఆవిడ మేడమ్ పక్షమే. "సరదా ఆటలో లెక్కలేంటండీ, ఆవిడ చేసింది సబబే," అంటుంది, నా ఇంట్లో, నా ఎదురుగానే! నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కానీ లారీల మోతలో ఫోను చెవికి నొక్కుకుని "అన్యాయమండీ, మీరే చెప్పండి" అని గొంతు చించుకుంటున్న ఆ బక్కపల్చటి కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. అవతల ఆ అమ్మాయి అప్పటికే సరేనని ఒప్పేసుకుంది. వాడు మాత్రం ఇంకో అరగంట సేపు ఆవిడకి ట్వంటీ వన్ నియమాలు వివరించాడు.