‘గారు’ తర్వాత కామా

ఆ ఆఫీసులో ఆయన్ని సొంత పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఎదురుగా ‘సార్’, వెనక ‘కామాగారు’. ఏ సంస్థ అయినా జనం ఫోన్లకు మూకుమ్మడిగా మెసేజ్‌లు పంపాలంటే ముందు ఆ మెసేజ్ నమూనా ఆయన టేబుల్ మీదికి రావాలి. ఆయన సరే అనందే ఏదీ కదలదు. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందన్న సామెత ఈయన్ని చూశాకే పుట్టి ఉంటుంది.

పంతొమ్మిదేళ్లుగా ఆ కుర్చీలో కూర్చుని ఒక్క మెసేజ్‌కైనా అర్థం చూసిన పాపాన పోలేదు మహానుభావుడు. ఎర్ర పెన్ను పట్టుకుని కామాలూ చుక్కలూ వెతికేవాడు. ఈ సంగతి మోసగాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. వాళ్ల ఫారాలు కడిగిన ముత్యాల్లా ఉండేవి. ‘అభినందనలు, లక్కీ డ్రాలో మీకు కారు తగిలింది.’ కామా ఉందా? ఉంది. చుక్క ఉందా? ఉంది. ఇంకేం, ఆమోదించడమైనది! నిజంగా పని ఉన్నవాళ్లకు ఈ నగిషీలు చెక్కే తీరికెక్కడిది? వాళ్ల ఫారాలు వెళ్లిన దారినే వెనక్కి వచ్చేవి.

ఆయనకు ఇంట్లో ఉన్నది అక్క ఒక్కతే. పొద్దస్తమానం కుట్టుమిషన్ తొక్కి తమ్ముణ్ణి చదివించిన మనిషి. ఆమెకు కుడి కన్ను ఎప్పుడో పోయింది, ఎడమ కన్ను పోబోతోంది. “ఈ నెల్లో ఆపరేషన్ చేయకపోతే ఇదీ దక్కదమ్మా. తేదీ మెసేజ్‌లో వస్తుంది. ఆ రోజు మీరు రాకపోతే వంతు ఇంకొకరికి వెళ్లిపోతుంది” అని కంటి డాక్టరు తేల్చి చెప్పాడు.

అప్పట్నుంచి ఫోన్ మోగితే చాలు, తడుముకుంటూ వచ్చి తమ్ముడి చేతిలో పెట్టేది.

“చూడరా, ఆసుపత్రిదేనా?”

“కాదక్కా. కారు తగిలిందట నీకు.”

“నా మొహానికి కారొకటి! పోనీ, ఓసారి ఆసుపత్రికి వెళ్లి అడిగొద్దామా?”

“నీకెందుకే కంగారు? మెసేజ్‌ల సంగతి నాకు తెలియదా? దేనికైనా ఒక పద్ధతుంటుంది. వస్తుంది, ఆగు.”

ఆ మాట నమ్మి ఆగింది పిచ్చి తల్లి. ఆ మధ్యలోనే ఒకరోజు అన్నం తింటూ ఆయన విరగబడి నవ్వాడు. “ఇవాళ ఎవరిదో ఫారం మళ్లీ వచ్చిందక్కా, ‘గారు’ తర్వాత కామా లేకుండా! ముచ్చటగా మూడోసారి తిప్పికొట్టా!” అన్నాడు. ఎవరిదని ఆమె అడగలేదు, ఆయన చూడనూ లేదు. తమ్ముడు అంత పెద్ద ఉద్యోగం చేస్తున్నాడని మురిసిపోయి ఇంకో ముద్ద వడ్డించింది.

నెల దాటింది. గోడ మీది క్యాలెండర్ కూడా కనిపించడం లేదని అక్క ఏడిస్తే అప్పుడు కదిలాడు దొరగారు. ఆసుపత్రి కౌంటర్‌లో అమ్మాయి రిజిస్టర్ తిరగేసి నొచ్చుకుంది.

“మీకు పన్నెండో తారీఖే ఇచ్చామండీ. మెసేజే వెళ్లలేదు. మా నమూనా ఆ ఆఫీసులో ఎవడో మూడుసార్లు తిప్పికొట్టాడు. డాక్టర్‌గారు నిన్ననే మీ కాగితాలు చూసి అన్నారు, గడువు దాటిపోయింది, ఇప్పుడు చేసినా లాభం లేదట.”

“ఎందుకు తిప్పికొట్టారమ్మా?” అంది అక్క.

కామాగారు గబుక్కున చెయ్యి చాచి, “అవన్నీ ఇప్పుడెందుకులే, పద” అన్నాడు. కానీ ఆ అమ్మాయి అప్పటికే కాగితం తీసింది. ఎర్ర సిరాతో రాసినదాన్ని పైకి చదివింది.

“‘గారు’ తర్వాత కామా లేదు. తిరస్కరించడమైనది.”

ఆ ముక్క అక్క ఇంట్లో విన్నదే. తమ్ముడు నిలబడ్డ వైపు ముఖం తిప్పింది, చూపు ఆనక అది కాస్త పక్కకి పోయింది. ఆయనకు అప్పుడైనా సిగ్గేసిందో లేదో గానీ నోట్లోంచి మాత్రం, “రూల్ అక్కా, నేనేం చేయను” అన్న ముక్కే వచ్చింది.

అంతలో ఆమె చేతిలో ఫోన్ మోగింది. అలవాటు చొప్పున దాన్ని తమ్ముడికి ఇచ్చింది.

“కారు తగిలిందటక్కా” అన్నాడు.

“కామా ఉందా?” అని అడిగింది అక్క.

ఉంది.