సింగిడి చెద్దరు

డెబ్బైల చివర్ల, పెండ్లయిన కొత్తల సుబేదారిలో మేం కిరాయికున్న ఇంటి ఓనరమ్మకు ఒక అలవాటుండె. ఎవరన్న గేటు తీస్తే చాలు, ఒళ్లో ఉన్న క్రోషా అల్లికను పొట్ట మీదికి గుంజుకునేది. బయట ఎండలు మండుతుంటే అంత ఊలు ఎట్ల మోస్తుందో అనుకునేదాన్ని. పసిపిల్లలకు కప్పే చెద్దరు అది. సింగిడి లెక్క ఏడు రంగులు, వరుస వరుసకూ వేలికి తగిలే ఉబ్బు మొగ్గలు.

"ఎవరికి చిన్నమ్మా?" అని అడిగితే తల ఎత్తకపోయేది. "మా బిడ్డ కానుపుకొచ్చింది గద, పుట్టెటోళ్లకు."

ఒకనాడు లేవబోయి తూలింది. ఉరికిపోయి పట్టుకున్న. చెద్దరు జారింది. కూతురికే కాదు, ఆమెకూ నెలలు నిండుతున్నయి.

"దండం పెడుత, ఎవరితోని అనకు. అల్లుడొచ్చిపోయే ఇల్లు," అన్నది.

ముందుగాల కూతురికి కొడుకు పుట్టిండు. చెద్దరు వానికి కప్పింది. నెల తిరగకముందే ఓనరమ్మకు ఆడపిల్ల. దాన్ని పాత చీరలో చుట్టి, తాను గోడ దిక్కు తిరిగి పండుకున్నది. చూడవచ్చిన ఆడోళ్లు "తల్లీబిడ్డలు పోటీ పడ్డరే" అని వాకిట్ల నవ్వుకుంటుంటే నేను అక్కడ్నే ఉన్న.

అప్పుడు కూతురు తన కొడుకు మీది చెద్దరు తీసుకొచ్చి చెల్లెకు కప్పింది. "ఇది దీనికోసమే అల్లినవని నాకెర్కనే అమ్మా," అన్నది.

ఓనరమ్మ ఇటు తిరిగి చెద్దరు అంచు పట్టుకున్నది. పిల్లకు సర్దుతదేమో అనుకున్న. తన మొఖం మీదికి గుంజుకున్నది.