ఏరి ఇచ్చింది నేను

మేడమ్మ పోయిందన్న కబురు నాకు మర్నాటికి గానీ చేరలేదు. రేవులో గంప దించి, తల మీది చుట్టకుదురు తీస్తున్నాను. పొందూరు పిల్ల ఫోను చేసింది. "మామ్మా, మన మేడం గారు పోయారు" అంది. ఆ పైన ఏడుపే. ముందు రోజు సాయంత్రం గుండె ఆగిందట. ఉద్యోగం మానే వయసైనా రాలేదు ఆవిడకి. నేను ఆవిడ కంటే పదిహేనేళ్ళు పెద్దదాన్ని. ఇంకా గంప మోస్తూనే ఉన్నాను.

మేడమ్మ అంటే డిగ్రీ కాలేజీలో జీవాల గురించి పాఠం చెప్పే మనిషి. పొందూరు పిల్ల ఆవిడ దగ్గరే చదువుకుంది. దినకార్యాలు అయ్యాక కాలేజీలో సంతాప సభ పెడితే నేనూ వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. ఒక పెద్దాయన మైకు పట్టుకున్నాడు. "తన పొరపాటు వల్ల ఒక విద్యార్థిని పరిశోధన ఏడాది వెనకబడిందని తన చేత్తో తనే రాసుకున్న నిజాయితీ ఆవిడది" అన్నాడు. అందరూ తలలూపారు. నేను లేచాను.

"ఆ పొరపాటు మేడమ్మది కాదు బాబూ, నాది!"

"కూకో మామ్మా, తరవాత మాటాడుదువు గాని" అని ఎవరో కొంగు పట్టి లాగారు. తరవాత ఎవరూ పిలవలేదు.

అందుకే, మేడమ్మ జ్ఞాపకంగా కాలేజీ వాళ్ళు వేస్తున్న ఈ సంచికలో నా మాట కూడా వేయమని అడిగాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే పొందూరు పిల్ల రాస్తోంది. నా మాటను పుస్తకం మాటగా దిద్దుకోమన్నాను. మనుషులు ఆడుకున్న మాటలు మాత్రం ఆడినవి ఆడినట్టే ఉంచమన్నాను. నన్ను మంచిదాన్ని చేసి రాస్తే చెవి మెలిపెడతానని కూడా చెప్పాను.

మేడమ్మ నౌపడలో ప్యాసింజరు దిగి, ఆటోలో మా పేటకు వచ్చేది. విజయనగరంలో గుడి సేవ, సంగీతం ఉన్న ఇంట్లో పుట్టింది. చేప నోట పెట్టని మనిషి. అలాంటి మనిషి కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, రేవులో గొంతుక్కూర్చుని, చేప పొట్ట కోసి గుడ్డు ఉందో లేదో చూసేది. కోస్తున్నంతసేపూ సన్నగా రాగం తీసేది.

"తినవు, అమ్మవు. ఎందుకమ్మా నీకీ కంపు?" అని అడిగాను ఒకసారి.

"నాకు అలవాటైపోయింది అప్పా. మా అత్తగారికే అవలేదు. ఇంటికి వెళ్తే పెరటి గుమ్మం చూపిస్తారు" అని నవ్వింది. నిమ్మతొక్కతో చేతులు రుద్దుకుని, ముందు తన చెయ్యి వాసన చూసుకుని, తరవాత నాది లాక్కుని చూసి, "నీదే గెలిచింది" అనేది.

చదువుకున్న వాళ్ళలో నన్ను సొంత అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచింది ఆవిడ ఒక్కతే. అందరూ మీరు అనే మనిషిని నేను నువ్వు అనేదాన్ని. ఆవిడ ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఆనర్స్ చదివే పిల్లలు ఆఖరి ఏడాది సొంతంగా ఒక పరిశోధన చేసి చూపించాలట. పొందూరు పిల్ల మా కవ్వళ్ళను ఎత్తుకుంది. ఆ చేప ఎంత పొడవు ఎదిగాక గుడ్డు పడుతుందో, అంతకు ముందే వలలో పడిపోతున్నవి ఎన్నో తేల్చాలి. ఆ పిల్లది నూలు వడికే ఇల్లు. చేప అంటే వాళ్ళమ్మ పత్తి దువ్వే వాలుగ దవడ ఒక్కటే తెలుసు. వారానికొకసారి నేను నా గంపలోంచి ఒక పళ్ళెం చేపలు తీసి ఉంచాలి. మొదటి రోజే నాకు చెప్పింది.

"మామ్మా, ఏరకు. సిన్నదైనా పెద్దదైనా, సెయ్యి పెడితే ఏది వస్తే అది ఇయ్యి."

సరే అన్నాను. అన్నానే గానీ మనసు ఒప్పలేదు. చుట్టాలింటికి వెళ్తే మనం, నాకేమీ వద్దు, కాస్త గంజి చాలు అంటాం. అన్నాం కదా అని గంజి పోసి ఊరుకుంటారా? ఇదీ అలాంటి మర్యాద మాటే అనుకున్నాను. ఆడపిల్ల, చదువు కోసం అంత దూరం నుంచి వస్తోంది. నలిగినవీ వేలెడంతవీ పళ్ళెంలో పెడితే నా పరువేం కావాలి? గంప దించగానే బలిసినవి, గుడ్డుతో నిగనిగలాడేవి ఏరి, తడిగుడ్డ కప్పి ఉంచేదాన్ని. శీతాకాలమంతా అలాగే చేశాను. పిల్ల సంబరంగా పట్టుకెళ్ళేది.

ఒక ఉదయం పిల్లతో పాటు మేడమ్మ కూడా వచ్చింది. తడి ఇసకలో పుల్లతో గుట్టలా ఒక గీత గీసింది. "చూడు అప్పా. ఈ పక్క చిన్నవి, ఆ పక్క పెద్దవి, నడుమ నడిపివి. వలలో పడ్డవి పడ్డట్టు కొలిస్తే లెక్క ఇలా గుట్టలా రావాలి. మా పిల్ల లెక్కలో ఈ పక్క లేనే లేదు" అని చిన్నవి ఉన్న వైపు అరచేత్తో చెరిపేసింది. "ఏరి ఇస్తున్నావా?"

"ఏరకుండా ఇస్తానేటి? సదువుకునే పిల్లకి నలిగినవి అంటగడతానేటి? ఒక్కోటీ సూసి సూసి ఇస్తన్నాను!"

మేడమ్మ ఇసకలో కూలబడింది. "అంత మంచి చేపలు ఇచ్చావు. అదే తప్పయిపోయింది."

నాకు ఒళ్ళు మండింది. "నా సేప బాగోలేదని తగువుకొచ్చినోలని సూసాను గానీ, బాగుందని తగువుకొచ్చినదానివి నువ్వే మేడమ్మా!"

చుట్టూ ఆడవాళ్ళు పకపకా నవ్వారు. "ఒసే, అల్లుడికి ఏరినట్టు ఏరీసిందే!" అంది ఒకతి. ఆ నవ్వుతో నాకు ఇంకా ఎక్కింది.

"ఏరొద్దని నీకు ఎవరూ చెప్పలేదా అప్పా?" అని మేడమ్మ మెల్లగా అడిగింది.

"ఎవులు సెప్పినారు? నాకెవులూ సెప్పలేదు!"

పిల్ల నోరు తెరిచింది. నా వైపు చూసింది. మూసుకుంది.

ఇక్కడికి వచ్చేసరికి పిల్ల కలం ఆపేసింది. "ఇది వద్దు మామ్మా" అంటోంది. రాయవే అన్నాను. ఇది రాయకపోతే మిగిలిందంతా ఎందుకు?

మేడమ్మ నన్ను చూసింది, పిల్లను చూసింది. "అయితే తప్పు నాదే. దగ్గరుండి చెప్పాల్సింది నేనే" అంది.

ఆ పైవారమే పిల్ల యూనివర్సిటీకి వెళ్ళి పెద్దల ముందు తన పరిశోధన చదవాలి. అంకెలు అందంగా ఉన్నాయి, ఎవరికి తెలుస్తుంది, పంపేయండి అని తోటి మాస్టార్లు చెప్పారట. మేడమ్మ ఒప్పుకోలేదు. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. మొండిది, పిల్ల అవకాశం పాడు చేసింది అని నలుగురూ అన్నారు. ఆవిడ ఎవరికీ నా పేరు చెప్పలేదు.

పిల్ల డిగ్రీ పరీక్షలు అయిపోయాయి. అయినా మేడమ్మ ఇంకో శీతాకాలం, ప్రతి ఆదివారం పిల్లను వెంటబెట్టుకుని వచ్చి, మళ్ళీ మొదటి చేప నుంచి కొలిపించింది. నేను కళ్ళు మూసుకుని గంపలో చెయ్యి పెట్టేదాన్ని. కళ్ళు మూస్తే మాత్రం ఏం లాభం? ఏది బలిసిందో వేళ్ళకు తెలిసిపోయేది. "చేపలకి మొహమాటం లేదు అప్పా, నీకే ఉంది" అని మేడమ్మ నన్ను పక్కకు జరిపి, పళ్ళెంతో నీళ్ళు ముంచినట్టు ముంచి తీసుకుంది.

ఈసారి లెక్క అందంగా రాలేదు. గుడ్డు పట్టని పిల్ల చేపలే ఎక్కువ తేలాయి. మా పేటలో ఎవరికీ నచ్చలేదు, నాకూ నచ్చలేదు. కానీ అది నిజం. పిల్ల ఇప్పుడు బొబ్బిలిలో తనే పాఠం చెబుతోంది.

నేను అబద్ధమాడానని మేడమ్మకు తెలుసా? తెలుసనే అనుకుంటాను. కాగితం మీద లేని చేపల్ని పట్టుకున్న మనిషి నా మొహం పట్టుకోలేదా? ఎన్నోసార్లు చెప్పేద్దామనుకున్నాను. మాట గొంతు దాకా వచ్చేసరికి ఆవిడ ఏదో ఒకటి అనేది, నాకు నవ్వొచ్చేసేది. ఆ తప్పు ఆ రోజు రేవులోనే పోయిందనుకున్నాను. రాసి ఉంచిందని తెలిస్తే ఊరుకునేదాన్నా?

నిన్న పిల్లను తీసుకుని కాలేజీ లైబ్రరీకి వెళ్ళాను. ఆ పరిశోధన పుస్తకం తీయించాను. పిల్ల పేజీలు తిప్పి, ఒక వరస మీద వేలు పెట్టి, ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పింది. చేపలు ఏరకూడదని ముందుగా చెప్పకపోవడం నా పొరపాటు అని ఉంది. కింద మేడమ్మ సంతకం.

బల్ల మీద స్టాంపు ప్యాడ్ ఉంది. బొటనవేలు దాని మీద అద్దాను.

"ఓలమ్మా, పుస్తకం పాడైపోతాది! ఏటి సేస్తన్నావు?" అని లైబ్రరీ ఆయన లేచాడు.

"సంతకం పెడతన్నాను. తప్పు ఎవులిదో ఆలే కదా పెట్టాల!"

ఆయన వచ్చేలోగా ఆ వరస పక్కన నొక్కాను. ఉప్పుకీ పొలుసుకీ అరిగిపోయిన వేలు, గీతలు పడలేదు. ఊదారంగు మచ్చ పడింది, అంతే. మళ్ళీ నొక్కాను. అదీ అంతే. ఆయన పుస్తకం మూయబోతే పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది. పేజీ మీదికి వంగి, తడి ఆరేదాకా, ఆ రెండు మచ్చల మీద మెల్లగా నోటితో ఊదుతూ ఉండిపోయింది.