మోకు ముట్టినవాడి బల్ల

ఆన్స్ బ్రులే తీరంలో ఎక్కడ తినాలో తామే ఎంచుకుంటున్నామని సెలవులకు వచ్చినవాళ్లు అనుకుంటారు. షికారు ఓడ మీద కాళ్లు బారజాపుకుని, ఒంటికి నూనె రాసుకుని, ఎవరెవరో రాసిన మెచ్చుకోళ్లు ఫోనులో చదువుకుంటూ, ఈ తిండిబల్ల దగ్గర లాబ్‌స్టర్ బాగా కాలుస్తారట, ఆ బల్ల దగ్గర వెల్లుల్లి దట్టంగా వేస్తారట అని వాదించుకుంటారు. వాదించుకోనీ. కట్టెయ్యమని ఓడ మీంచి విసిరే మోకుతాడును ఏ పడవవాడి చెయ్యి ముందు ముడుతుందో ఆ ఓడలోని నోళ్లన్నీ వాడి బల్లకే పోతాయి. కరీబియన్ సముద్రంలోని గ్రెనడీన్ దీవుల్లో మిగతాచోట్ల ఎలాగో గాని, ఆన్స్ బ్రులేలో అదే కట్టుబాటు.

ఆ కట్టుబాటు పెట్టినవాడు ఆర్మండ్. మంచితనంతో పెట్టలేదు.

పద్నాలుగేళ్ల కిందట ఒక ఓడ కోసం అతనూ, అతని అన్న సెల్విన్ నడిసముద్రంలో కొట్టుకున్నారు. తమ్ముడు తెడ్డు తిప్పి కొట్టాడు. తెడ్డు అంచు అన్న పెదవి మూలన తగిలి చెవి దాకా చీల్చేసింది. ఆ రోజు సెల్విన్ పళ్లు బుగ్గలోంచి కనిపించాయి. కుట్లు ఎండాయి గాని, ఇప్పటికీ సెల్విన్ నీళ్లు తాగితే సగం మెడ మీదికే కారతాయి. నెత్తురు చూసి భయపడ్డ పడవవాళ్లందరూ ఇసుకలో కూర్చున్నారు. ఇంకెవరూ తెడ్డు ఎత్తొద్దు, కత్తి తియ్యొద్దు, మోకు ముట్టినవాడిదే ఓడ అని ఆర్మండే అన్నాడు. అందరూ సరేనన్నారు. అన్న రక్తంతో రాసిన చట్టం కదా, గట్టిగానే నిలబడింది.

ఆ చట్టానికి తోక ఒకటుంది. తీరం మీద ఏడు బల్లలకే చోటు. మూడు వారాలపాటు ఒక్క ఓడనైనా తేలేనివాడి బల్ల లేచిపోతుంది. పలకలు ఊడదీసి పక్కవాళ్లు పంచుకుంటారు. ఆర్మండ్ చివరి ఓడను తెచ్చి ఈ కథ నాటికి ఇరవై ఒకటో రోజు.

అతనికి యాభై రెండేళ్లు. శంఖాల కోసం చిన్నప్పటినుంచి లోతుకు మునిగి మునిగి ఎడమ చెవి పోయింది. చిన్నప్పుడు తండ్రి వలతాడుతో బాదేవాడు. తండ్రి కంటే ఎత్తు ఎదిగిన రోజున ఆర్మండ్ ఆ తాడు లాక్కుని తండ్రినే బాదాడు. ఆ ఇంట్లో పెద్దరికం చేతులు మారే పద్ధతి అదే. తర్వాత అతను కొట్టిన దవడలకు లెక్కలేదు. పెళ్లయ్యాక భార్య క్లాడీన్ మీద మాత్రం చెయ్యి ఎత్తలేదు. అందుకు కారణం ప్రేమేనని అతను చెప్పుకునేవాడు. ఆమె చేతిలో ఎప్పుడూ చేపల కత్తి ఉండటమే కారణమని తక్కినవాళ్లు చెప్పుకునేవారు.

ఆ పొద్దున క్లాడీన్ పొయ్యిలో కొబ్బరి డొక్కలు పేరుస్తూ అంది: "ఇయ్యాళ తేకపోతే రేపు నన్ను ఎక్కడ వండమంటావు? ఇస్మే బల్ల దగ్గర గిన్నెలు తోమమంటావా?"

"ఇయ్యాళ నీలిచార ఓడ వస్తది. పోయినేడు మన దగ్గర తిన్నోళ్లే. మళ్లీ నీ దగ్గరకే వస్తాం ఆర్మండ్ అని చెప్పి మరీ పోయారు."

"చెప్పి పోయినోళ్లు చాలామందే ఉన్నారు."

పక్క బల్ల ఇస్మేది. ఆమె కొడుకు కెమ్రన్ ఇరవై ఆరేళ్లవాడు, పడవకు కొత్త ఇంజను కొన్నవాడు. ఆర్మండ్ గొంతు తగ్గించి వాడి దగ్గరికి వెళ్లాడు. గొంతు తగ్గించడం అతనికి అలవాటు లేని పని.

"ఒరేయ్ కెమ్రన్, ఆ నీలిచార ఓడ నాకు మాటిచ్చింది. ఈ ఒక్కటీ వదిలెయ్."

కెమ్రన్ ఇంజను మూత తుడుస్తూ నవ్వాడు. "మాట పట్టుకుని ఓడ కట్టలేం మామా. మోకు కావాలి. నువ్వు చెప్పిందే కదా."

"నా బల్ల లేచిపోద్దిరా."

"నీ ఇంజను కంటే మా అమ్మమ్మ దగ్గు నయం. పోనీ ముందు నువ్వు బయల్దేరు. నేను కాఫీ తాగి, మొహం కడుక్కుని వస్తా. మళ్లీ ముసలోడికి అన్యాయం చేశానంటారు."

చుట్టూ ఉన్న పడవవాళ్లు పగలబడి నవ్వారు. సెల్విన్ కూడా నవ్వాడు. చీలిన బుగ్గ మీద ఆ నవ్వు వంకరగా పాకింది. ఆర్మండ్ చేతులు మండాయి. ఆ చేతులకు పని చెప్పకుండా ఆపుకోవడం అతనికి కొత్త.

పదకొండు దాటాక కొండమొన చుట్టూ తిరిగి నీలిచార ఓడ వచ్చింది. ఆర్మండ్ నిజంగానే ముందు బయల్దేరాడు. కెమ్రన్ నిజంగానే కాఫీ తాగాడు. తాగి, కప్పు ఇసుకలో గుచ్చి, పడవ ఎక్కాడు. రెండొందల గజాలు పోకముందే పక్కనుంచి దూసుకుపోయాడు. పోతూ పోతూ పడవను విసురుగా పక్కకి తిప్పి, ఆర్మండ్ మొహం నిండా ఉప్పునీళ్లు కొట్టాడు.

"మొహం కూడా కడిగేశా మామా."

కళ్లు తుడుచుకుని చూసేసరికి ఓడ మీంచి మోకు గాల్లో విచ్చుకుని వస్తోంది. కెమ్రన్ దాన్ని అందుకున్నాడు. ఆర్మండ్ ఆ సంగతి స్పష్టంగా చూశాడు. వాడి కుడిచెయ్యి మోకు మీద పడ్డప్పుడు తన పడవ ఇంకా నాలుగు బారల దూరంలో ఉంది. కెమ్రన్ ఓడలు కట్టేసే తేలుడు పీపా పైనున్న ఇనుప కడియంలోంచి మోకు దూర్చి ముడి వెయ్యబోతున్నాడు. ఆర్మండ్ ఇంజను ఆపలేదు. తన పడవ ముక్కుతో వాడి పడవను డొక్కలో గుద్దాడు. కెమ్రన్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆర్మండ్ వంగి, కడియంలోంచి అవతలికి వచ్చిన మోకు కొసను రెండుచేతులా పట్టుకున్నాడు.

"నాది," అన్నాడు.

"ఏంటి నీది? కళ్లు కూడా పోయాయా? నేను ముట్టి ఎంతసేపైంది?"

అప్పుడే గాలి తిరిగింది. ఓడ వెనక్కి జరిగింది. మోకు బిగిసింది. కెమ్రన్ వేళ్లు ఇంకా కడియంలోనే, మోకుకూ ఇనుముకూ మధ్య ఉన్నాయి.

కొస వదిలేస్తే మోకు సర్రున జారి వేళ్లు బయటికి వచ్చేవి. పడవలో పుట్టి పెరిగిన ఎవడికైనా ఆ సంగతి తెలుసు. వదిలేస్తే ఓడ పోతుంది. అదీ తెలుసు.

"వదులు మామా. వేళ్లు... మామా, వదులు."

ఆర్మండ్ పాదాలు పడవ చెక్కకు తన్నిపెట్టి నిలబడ్డాడు. అటునుంచి ఓడ ఎంత లాగితే ఇటునుంచి అంత బిగించాడు. ఒక అల వచ్చి ఓడను ఎత్తింది. మోకు చెరకు గానుగలా కిరకిరలాడింది. కెమ్రన్ గొంతులోంచి మాటలు పోయి వట్టి అరుపు మిగిలింది. అల దిగేటప్పుడు టప్‌మని చిన్న చప్పుడైంది. కెమ్రన్ వెల్లకిలా తన పడవలో పడ్డాడు. కుడిచేతి చూపుడువేలూ, నడిమివేలూ లేవు.

ఆర్మండ్ ముడి వేశాడు. మంచి ముడి, జారని ముడి. మోకు ఎర్రగా, వెచ్చగా ఉంది.

డెంజిల్ అనే పడవవాడు వచ్చి కెమ్రన్‌ను తన పడవలోకి ఈడ్చుకున్నాడు. చొక్కా చింపి మణికట్టు బిగించి కట్టాడు. ఒడ్డునుంచి ఇస్మే నడుంలోతు నీళ్లలోకి పరిగెత్తుకొచ్చింది. డెంజిల్ ఆమెను కూడా ఎక్కించుకుని యూనియన్ దీవి ఆసుపత్రికి పడవ తిప్పాడు. ఆర్మండ్ పక్కనుంచి పోతుంటే ఇస్మే అడిగింది: "వాడి వేళ్లేవీ? ఉంటే కుడతారంట. వేళ్లేవీ, ఆర్మండ్?"

ఆర్మండ్ నీళ్లలోకి చూశాడు. అడుగున ఇసుక గింజ కూడా కనిపించేంత తేట నీళ్లు. చిన్నచేపలు ఒకచోట మూగుతున్నాయి.

సెల్విన్ అప్పటికే తన పడవ మీంచి దూకి మునిగాడు. ఆ దీవిలో ఆర్మండ్ కంటే లోతుకు మునగగలవాడు లేడు. పాడైన చెవితోనైనా అతను అన్నకంటే రెండింతలసేపు అడుగున ఉండగలడు. కాని ఓడ మీద ఎర్రటోపీ పెద్దమనిషి అంచు కమ్మీ పట్టుకుని వంగి పిలుస్తున్నాడు.

"ఆర్మండ్, నువ్వేనా? దేవుడా, ఆ కుర్రాడికి ఏమైంది?"

"మోకులో చెయ్యి పెట్టాడు సార్. తొందరపాటు. ఆసుపత్రికి తీసుకుపోతున్నారు, బాగైపోతుంది."

వెనకాల ఒకావిడ మొహం కప్పుకుంది. ఇంకొకావిడ భోజనం ఓడలోనే చేద్దామంది. ఆమె మొగుడు, పొద్దుటినుంచి ఏమీ తినకుండా లాబ్‌స్టర్ కోసమే కడుపు ఖాళీగా పెట్టుకున్నానన్నాడు. పాపం ఆ కుర్రాడు, అన్నాడు. మనం తినకపోతే వాడి వేళ్లు వస్తాయా, అని కూడా అన్నాడు. కాసేపు మెల్లగా మాట్లాడుకున్నారు. చివరికి తొమ్మిదిమందీ చెప్పులు చేత్తో పట్టుకుని ఆర్మండ్ పడవలోకి దిగారు. చెక్క మీది ఎరుపును అతను ముందే నీళ్లు కొట్టి కడిగేశాడు.

సెల్విన్ తల పైకి తేలింది, గాలి పీల్చుకుని మళ్లీ మునిగింది.

"ఆయన ఏం వెతుకుతున్నాడు?" అని అడిగింది మొహం కప్పుకున్నావిడ.

"శంఖాలు," అన్నాడు ఆర్మండ్.

ఒడ్డున ఏడు పొయ్యిల్లో ఒక్క క్లాడీన్ పొయ్యే మండుతోంది. తక్కినవాళ్లు నిప్పుల మీద ఇసుక పోసేశారు. భోజనం ఎక్కడో నడుచుకుంటూ చూసి ఎంచుకుందామనుకున్న ఎర్రటోపీ ఆయన అటూ ఇటూ చూశాడు.

"మిగతావన్నీ మూసేశారేంటి?"

"ఈరోజు మాదొక్కటే సార్."

క్లాడీన్ లాబ్‌స్టర్లను వెల్లకిలా వేసి నడిమికి నరికింది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క దెబ్బ. కాళ్లు ఇంకా కదులుతుండగానే నిప్పుల మీద పెట్టింది. వచ్చినవాళ్లు మొదట మెల్లగా తిన్నారు. తర్వాత బాగా తిన్నారు. డొప్పలు విరిచి, పీల్చి, వేళ్లు నాక్కున్నారు. పోయినేటికంటే బాగుందన్నారు. రేపు ఇంకో ఓడలో స్నేహితులు వస్తున్నారు, వాళ్లనూ ఇక్కడికే పంపుతాం, ఇంకెక్కడా చూసుకోనక్కర్లేదని చెప్తాం అన్నారు. బల్ల నిలిచింది.

వాళ్లను ఓడ ఎక్కించి వచ్చాక క్లాడీన్ అడిగింది.

"ముందు ఎవరు ముట్టారు?"

"నేనే."

"వాడు వదలమని అరిచాడు. నాకు ఇక్కడికే వినబడింది."

"నాకు చెవుడు కదే."

"వాడు నీ కుడిపక్కన ఉన్నాడు."

ఆర్మండ్ పులుసుకుండ ఎత్తుకున్నాడు. ఆ తీరంలో ఎవడు ఓడను తెచ్చినా, వచ్చినవాళ్లు తిని పోయాక మిగిలిన కుండ పడవవాళ్లందరిదీ. చేపతలలు, పచ్చి అరటికాయ, పిండి ఉండలు వేసిన ఆ పులుసును గెలిచినవాడి బల్ల దగ్గరే కూర్చుని తింటారు. ఓడిన రోజున అక్కడ తిన్న కూడే మర్నాడు కత్తి ఎత్తకుండా ఆపేది. మూడున్నర అయినా అతని బల్ల దగ్గరికి ఒక్కడూ రాలేదు.

తక్కిన పడవవాళ్లు అయిదుగురూ ఇస్మే బల్ల చుట్టూ ఉన్నారు. ఇస్మే లేదు, పొయ్యి చల్లారిపోయింది. బయట నాలుగు పుల్లలతో మంటేసి సీమపనసకాయ కాల్చుకుంటున్నారు. సెల్విన్ ఒళ్లు ఇంకా తడిగానే ఉంది. అతని కళ్లు ఉప్పుకి ఎర్రబడి ఉన్నాయి. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"లేవండి, పులుసు చల్లారిపోతోంది," అన్నాడు ఆర్మండ్.

"ఆకలి లేదు," అన్నాడు డెంజిల్. యూనియన్ నుంచి అప్పుడే తిరిగొచ్చాడు. నోటినిండా సీమపనస ఉంది.

"ఓడ తెచ్చాను. కుండ తెచ్చాను. కట్టుబాటు తప్పానా?"

"ఎవరు ముందు ముట్టారో మా అందరికీ కళ్లున్నాయి," అన్నాడు సెల్విన్. "అడుగుకి నేను పదిసార్లు మునిగాను. నువ్వు ఒక్కసారి మునిగుంటే వేళ్లు దొరికేవి."

ఆర్మండ్ కుండను వాళ్ల బల్ల మీద పెట్టాడు. డెంజిల్ ఒక్క వేలితో దాన్ని నెట్టాడు. కుండ ఇసుకలో బోర్లా పడింది.

ఆర్మండ్ డెంజిల్ నోటి మీద కొట్టాడు. సీమపనస, నెత్తురు కలిసి బయటికొచ్చాయి. అయిదుగురూ లేచారు. మచ్చుకత్తులు బల్ల మీదే ఉన్నాయి గాని ఎవడూ ముట్టలేదు. చేతులతో కొట్టారు. అతను ఇద్దర్ని పడగొట్టాడు, ఒకడి చెవి కొరికాడు, గొంతు పట్టుకుని ఒకడిని ఇసుకలోకి తొక్కాడు. తర్వాత సెల్విన్ వచ్చి అతని మోకాలి వెనక తన్నాడు. కిందపడ్డాక డొక్కల్లో, వీపు మీద, మొహం మీద తన్నారు. ఏదో ఎముక లోపల పుల్లలా విరిగింది. చంపేస్తారేమో అనుకున్నాడు. చంపినా బాగుండుననీ అనుకున్నాడు. వాళ్లు చంపలేదు. అలిసిపోయి మానేసి, బల్ల దగ్గర కూర్చుని మళ్లీ సీమపనస వలుచుకున్నారు. తిట్టనైనా తిట్టలేదు.

ఆర్మండ్ పాక్కుంటూ, తర్వాత లేచి వంగి నడుస్తూ తన బల్ల దగ్గరికి వచ్చాడు. బెంచీ మీద కూలబడ్డాడు. క్లాడీన్ గిన్నెలు తోముతోంది. తలెత్తి అతని మొహం చూసింది.

"వాళ్లు తిన్నారా?"

"లేదు."

ఆమె చేతులు కడుక్కుంది. వల చిక్కంలోంచి మిగిలిన లాబ్‌స్టర్ తీసింది. బాగా బలిసినది. దాన్ని చీల్చి, కాల్చి, నిమ్మకాయ పిండి, కంచంలో పెట్టి అతని ముందుంచింది. పక్కన ఒక గ్లాసు నీళ్లు పెట్టింది. ఆమె కూడా కూర్చుంటుందని అతను బెంచీ మీద కొంచెం జరిగాడు. జరిగితే పక్కటెముక కలుక్కుమంది.

"నువ్వు తినవా?"

"తింటా. పొద్దుటినుంచి ఏమీ తినలేదు," అంది క్లాడీన్.

ఖాళీ కంచం ఒకటి తీసుకుంది. చేపల కత్తి అతని బల్ల మీదే వదిలేసి, ఇసుకలో ఇస్మే బల్ల వైపు నడిచింది. అక్కడ వాళ్లు మాటలు ఆపారు. సెల్విన్ బెంచీ చివరికి జరిగి ఆమెకు చోటిచ్చాడు. కాలిన సీమపనసను చేత్తోనే రెండుగా విరిచి, పెద్ద సగం ఆమె కంచంలో వేశాడు.