ఊదా వెలుగూ, రెండు గుండ్లూ

ఈమధ్య పేపరు తెరిస్తే చాలు, సెమీకండక్టర్ల పరిశోధనకు ప్రభుత్వం కోట్లు గుమ్మరిస్తోందనే వార్తే. చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. మేమూ ఆ పరిశోధన వెలగబెట్టినవాళ్లమే మరి. డెబ్భైల చివర్లో, తిరుపతిలో, వానొస్తే తలుపు మూసుకోని ఒక ఫిజిక్సు ల్యాబులో. ఆ రోజుల్లో ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఇచ్చింది. కాకపోతే మిషను కొనడానికి ఇచ్చింది, మిషన్లో పోసే నూనెకు ఇవ్వలేదు. నూనె వేరే పద్దు. ఆ పద్దుకు వేరే కమిటీ. ఆ కమిటీ కూర్చోవాలంటే అయిదుగురు ఉండాలి. అయిదో ఆయన ఎప్పుడు అడిగినా కొండమీదే ఉండేవాడు (తిరుపతిలో ఉద్యోగం చేసేవాళ్లకు చుట్టాలు ఎంతమందో బయటివాళ్లకు తెలియదు).

ఆ మిషను గురించి రెండు ముక్కలు చెప్పాలి. పెద్ద గాజు గంట బోర్లించినట్టు ఉండేది. లోపలి గాలంతా పంపుతో లాగేసి, ఆ శూన్యంలో చిన్న గాజు పలక మీద సెమీకండక్టరు పదార్థాన్ని వెంట్రుక కన్నా పలచగా పూతపూయడం నా పని. ఆ పంపులో పోసే ప్రత్యేకమైన నూనె మాడి తారులాగా అయిపోయి అప్పటికి ఏడాది. అంటే ఏడాదిగా నా పరిశోధన ఏమిటయ్యా అంటే, ఉదయం వెళ్లి గంట తుడవడం, సాయంత్రం గుడ్డ కప్పడం. దానికి నెలనెలా స్కాలర్‌షిప్పు. ఆ ప్రాజెక్టు గడువు ఆ ఏడాదితో అయిపోతోంది. ఢిల్లీ నుంచి కమిటీ ఛైర్మను వచ్చి చూసి 'సరే' అంటేనే ఇంకో ఏడాది పొడిగింపు. లేకపోతే డాక్టరేటూ లేదు, నేనూ లేను. మా నాయన అప్పటికే తేల్చి చెప్పేశాడు. "ఈసారి దుడ్లు నిలిచిపోతే చిత్తూరుకొచ్చెయ్ నాయనా. మీ మామ బెల్లం మండీలో కాటా కాడ కూసుందువు. గాజుగంట ముందర మూడేండ్లు కూసున్నోడికి కాటా ముందర కూసునేది ఏమంత కష్టం?"

మా ప్రొఫెసరుగారిని 'పెద్దసారు' అనేవాళ్లం. గొప్ప ఉపాయశాలి. పంపు సరిగా పనిచేసి లోపల మంచి శూన్యం ఏర్పడితే గాజుగంటలో ఏమీ కనిపించదు, ఉత్త చీకటి. అరకొర శూన్యంలో కరెంటు పెడితే మాత్రం లోపలంతా ఊదారంగు వెలుగు కమ్ముకుంటుంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, పనికి మాత్రం రాదు. "మనకుండేది అరకొర శూన్యమే కదప్పా. అదే సూపిద్దాం. ఢిల్లీవాళ్లకు వెలుగు కావల్ల, వెలుగిస్తాం," అన్నారు పెద్దసారు. అంతకు ముందు రెండు కమిటీలు ఆ వెలుగు చూసి ముగ్ధులై, 'పరికరం అద్భుతంగా పనిచేయుచున్నది' అని రాసి, దర్శనానికి ఆలస్యమవుతుందని లేచిపోయాయి. ఈసారి ఛైర్మను కొత్తాయన. మన తెలుగాయనేనట, ఢిల్లీలో ముప్పై ఏళ్లుగా ఉంటున్నాడట. ముందురోజే కొండెక్కి, దర్శనం చేసుకుని, పొద్దున పదింటికి గెస్టుహౌసు దగ్గర ఉంటానని కబురు పంపాడు. గుర్తు పట్టడానికి ఒక ఫోటో కూడా వచ్చింది. నల్లటి ఉంగరాల జుట్టు, నుదుటి మీదకు ఒక ముంగురు, మందపాటి కళ్లద్దాలు.

ఆ ఫోటో పట్టుకుని, అద్దెకారుతో నేను గెస్టుహౌసు ముందు నిలబడ్డాను. కొండ దిగిన బస్సు ఒకటి ఎదురుగా ఆగింది. అందులోంచి పదిమంది దిగారు. పదిమందీ గుండ్లే. చందనం పూసిన పది గుండ్లు ఎండలో మెరుస్తుంటే, చేతిలో ఉంగరాల జుట్టు ఫోటోతో నేను. తిరుపతిలో ఏళ్లుగా ఉంటున్నవాణ్ణి, కొండకు వెళ్లిన మనిషి తలనీలాలు ఇవ్వవచ్చనే ఆలోచన నాకు గానీ, రెండు డాక్టరేట్లున్న పెద్దసారుకు గానీ రాలేదు. ఆ పదిమందిలో కళ్లద్దాలూ, సఫారీ సూటూ ఉన్నది ఒక్కరికే. ఆయన సూటిగా నా దగ్గరికి వచ్చి "గాడీ?" అన్నాడు. "ఎస్ సర్," అని తలుపు తీశాను.

ల్యాబు గుమ్మంలో ఆయన చెప్పులు విడిచాడు. "సూస్తివా, ల్యాబంటే ఎంత మర్యాదో!" అని పెద్దసారు నా చెవిలో అన్నారు. నేను స్విచ్చి వేశాను. గాజుగంటలో ఊదా వెలుగు కమ్ముకుంది. ఆయన రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నాడు. తర్వాత మిషను చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణం చేసి, గంట ముందు ఒక రూపాయి బిళ్ల పెట్టి, హిందీలో ఏదో అడిగాడు. మా ఇద్దరికీ హిందీ అంతంతమాత్రం. 'ప్రసాద్' అన్న మాట ఒక్కటే అర్థమైంది. కమిటీ కోసం తెప్పించిన లడ్డు ఇచ్చాం. కళ్లకద్దుకున్నాడు. "సార్, ఈయన తెలుగాయన అన్నారు కదా?" అని నేను నసిగితే, "ముప్పై ఏండ్లు ఢిల్లీలో ఉంటే నువ్వూ మరిసిపోతావు. నోరు మూసుకో," అని కసిరారు. ఆ తర్వాత ఆయన చేయి ఊపుతూ "అలమేలుమంగాపురం?" అన్నాడు. అమ్మవారి దర్శనం అయితే పొడిగింపు ఖాయమని పెద్దసారు స్వయంగా కారెక్కి ఆయన్ను తీసుకెళ్లారు. (ఆయన నాగపూర్‌లో బట్టల వ్యాపారి అనీ, ఊళ్లోని గుళ్లన్నీ చూపించడానికి లాడ్జివాళ్లు మాట్లాడిపెట్టిన కారు మాదేననుకున్నాడనీ సాయంత్రానికి తెలిసింది. మా ల్యాబు కొండ దిగాక ఆయన చూసిన గుళ్లలో మొదటిది.)

నేను స్విచ్చి ఆపి, ఆకలితో బల్లమీద కూర్చున్నాను. మా అటెండరు తలుపు దగ్గరనుంచి కేకేశాడు. "ఇంగొక గుండు వచ్చినాడప్పా! ఈడ కొత్తగా ఏదో సామి ఉండాడని ఊర్లో ఎవురో చెప్పినట్టుండారు."

పంచె, భుజాన కండువా, చేతిలో గుడ్డసంచి. నెమ్మదిగా వచ్చి నిలబడ్డాడు. "కారు కోసం గంటసేపు చూశాను బాబూ. చివరికి ఆటోలో వచ్చాను. ఈ యంత్రం ఏం చేస్తుంది?" అన్నాడు. ఏ కారు, ఎందుకొచ్చావు అని అడగాలన్న జ్ఞానం నాకుంటేనా! ఆకలి, పైగా పొద్దుటి నుంచి ఆడిన నాటకం తాలూకు చిరాకు. "ఏమీ చేయదండీ," అన్నాను. "నూనె లేక ఏడాదిగా పడుండాది. వెలుగొస్తుంది. ఆ వెలుగు వచ్చిందంటేనే పని కాదని లెక్క. ఢిల్లీ నుంచి పెద్దమనుషులు వచ్చి దాన్నే చూసి బాగుందని రాసిపోతారు. వాళ్లకు తెలియక కాదు. తెలుసు అంటే కాగితాలు మళ్లీ మొదటినుంచి రాయాల కదా!" ఆయన కూర్చున్నాడు. "మరి నువ్వేం చేస్తావు?" అన్నాడు. నేను సొరుగులోంచి పాత గాజు పలకలు తీసి ఆయన ముందు పరిచాను. "పూత పూయడం నాకు బాగా వచ్చండీ. మొదటి ఏడాది తీసిన పలకలు ఇవి చూడండి. ఒక్క డబ్బా నూనె ఉంటే ఆరు నెలల్లో ముగిస్తాను. లేకుంటే బెల్లం మండీకి పోతాను," అన్నాను. ఆయన ఒక్కొక్క పలకనూ కిటికీ వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు. పలకను అంచులు పట్టుకుని ఎత్తాడు, పూత మీద వేలు పడకుండా. యాత్రికులు అలా పట్టుకోరు. జేబులోంచి ఫోటో తీసి, ఉంగరాల జుట్టు మీద బొటనవేలు అడ్డం పెట్టి చూశాను. అదే ముక్కు, అవే కళ్లద్దాలు.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "మీ సారు వస్తే చెప్పు, నేను చూసేశాను అని," అని వెళ్లిపోయాడు. ఆ విషయం విన్న పెద్దసారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. నేను పుస్తకాలు మూటగట్టుకున్నాను.

మూడు నెలలకు ఢిల్లీ కాగితం వచ్చింది. ఇంకో ఏడాది పొడిగింపు, నా స్కాలర్‌షిప్పుతో సహా! అందరం ఎగిరి గంతేశాం. కింద ఇంకో వాక్యం ఉంది: 'పరికరం అద్భుతంగా పనిచేయుచున్నందున, నూనె మొదలగు వాటికి నిధులు అవసరం లేదు.' అంతా విన్న మనిషే అలా రాశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయితే ఆ వారంలోనే రైల్వే పార్సిలు ఆఫీసు నుంచి నా పేరున కబురొచ్చింది. వెళితే ఒక చెక్కపెట్టె. లోపల ఊకలో ఒక డబ్బా పంపు నూనె. ఉత్తరం లేదు, పంపినవాళ్ల పేరూ లేదు, పెట్టె మీద ఢిల్లీ స్టేషను ముద్ర తప్ప. స్టోర్సు గుమాస్తా దాన్ని ముట్టుకోనన్నాడు. "కావల్లని ఇండెంటు కాయితం పెట్టకుండా వచ్చిండాది. ఏ రిజిస్టర్లో రాయమంటావు?" అన్నాడు. ఎక్కడా రాయకుండానే, ఆదివారం పూట పంపు విప్పి, కడిగి, ఆ నూనె పోశాను. ఊదా వెలుగు మెల్లగా సన్నబడి, సన్నబడి ఆరిపోయింది. గాజుగంటలో చీకటి. ఏడాదిగా నేను కోరుకున్న చీకటి. కళ్లనీళ్లు తిరిగాయి. సోమవారం పెద్దసారు వచ్చి చూసి అదిరిపడ్డారు. "వెలుగు పాయె కదప్పా! ఇంగొక కమిటీ వస్తే ఏం సూపిచ్చేది?"

ఆరు నెలలు పడుతుందన్న పని ఎనిమిది నెలలు పట్టింది గానీ పూర్తయింది. డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, నేనూ సారునయ్యాను. ముప్పై ఏళ్ల సర్వీసులో ప్రభుత్వానికి ఎన్ని నివేదికలు పంపానో గుర్తులేదు. 'పరికరములన్నియు సక్రమముగా పనిచేయుచున్నవి' అనే వాక్యం నా చేయి చూడకుండా రాసేది. ఆకలికి బల్లమీద కూర్చుని ఉన్నదంతా కక్కేసిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పుడు ముచ్చటేస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది. ప్రభుత్వానికి నేను ఉన్నది ఉన్నట్టు చెప్పింది ఆ ఒక్కసారే. అదీ, ఎదురుగా కూర్చున్నది ప్రభుత్వమని తెలియక.