అద్దాల అంచు మీద మౌస్

కేసముద్రం మార్కెట్ యార్డు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు దేవ్యా అన్న సొంతం. పదో తరగతితో చదువు ఆగిపోయాక నేను అక్కడ లామినేషన్ పనికి కుదిరాను. ఆ షాపులో స్కేలు కనిపించదు. మౌస్ ఎంత దూరం జరిగిందో తెర మీద అంగుళాల్లో చూపించే ప్రోగ్రాం ఒకటి అన్న కంప్యూటర్లో ఎక్కించుకున్నాడు. ఫొటో ఫ్రేమైనా, ఎవరో బల్ల మీద పెట్టిన సొరకాయైనా, దాని వెంట మౌస్‌ను నడిపించి కొలత చెప్పేస్తాడు. వంకర వస్తువైతే మరీ హుషారు. "స్కేలు వంగుతదా గిట్ల?" అంటాడు.

లంబాడీల తీజ్ పండుగ చివరి రోజు పొద్దున, అన్న వాళ్ల తండా నుంచి తారి అవ్వ వచ్చింది. సంచిలోంచి తన పేటియా, అంటే తండా ఆడవాళ్లు కట్టుకునే అద్దాల లంగా, తీసి బల్ల మీద పరిచింది. అంచు లేసు చీకిపోయింది. సాయంత్రం పండుగ ఆటపాటలకు అదే కట్టుకోవాలి. కొత్త లేసు కొనడానికి మూరలు వేయబోతుంటే అన్న ఆపాడు.

"మూరలెందుకవ్వా? నీ చెయ్యి ఒక తీరు, లేసు అమ్మే సేటు చెయ్యి ఒక తీరు. నా మౌస్ చెప్తది."

"గీ ఎలుకనా? బట్ట కొరకకుంట జూడు."

అన్న అంచు పొడవునా మౌస్‌ను నడిపాడు. అంకెలు పరుగెత్తాయి, మధ్యమధ్య ఆగాయి. అవ్వ ఆ కొలతకే ఎర్ర లేసు కొనుక్కొచ్చి, మా షాపు మెట్ల మీద కూర్చుని కుట్టింది. మధ్యాహ్నానికి లేసు అయిపోయింది. అంచు మాత్రం ఇంకా మిగిలే ఉంది. సేటు దగ్గర ఆ రంగు లేసు మళ్లీ లేదు.

"ఎనక బోసిగ కనవడ్తె అందరు నవ్వుతరు. ఇగ నేను ఆటకు పోను దేవ్యా," అంది అవ్వ.

అన్న ముఖం చిన్నబుచ్చుకుని మౌస్ మళ్లీ నడిపాడు. అద్దం మీదికి వచ్చినప్పుడల్లా అంకె కదలడం లేదు. నేను వేలితో చూపించాను.

"అయ్యో! అద్దం మీద దీని లైటు పన్జేస్తలేదు," అన్నాడు అన్న.

అవ్వకు నవ్వు ఆగలేదు. "నీ ఎలుక ప్రతి అద్దంల మొఖం జూస్కుంట నిలబడ్డదిరా!"

అన్న లంగాను తిరగేసి, అద్దాలు లేని లోపలి వైపు మిగిలిన అంచు కొలిచాడు. బడిపిల్లల ఐడీ కార్డుల కోసం తెచ్చిన ఎర్ర రిబ్బన్ చుట్ట తీసి అంత ముక్క కత్తిరించాడు.

"గిది మెడల ఏసేది గదరా?"

"ఇయ్యాల కాళ్లకాడ ఏస్కో అవ్వా."

సాయంత్రం వదిన, అన్న నన్నూ తండాకు తీసుకుపోయారు. రిబ్బన్ ముక్క కనిపిస్తుందేమోనని అన్న ఆడుతున్న అవ్వ లంగా వెనకవైపే చూస్తున్నాడు. అవ్వ దాన్ని సరిగ్గా ముందుకు తిప్పి కట్టుకుంది.

"అవ్వా, గది ఎనకకు గదా ఉండాలె!"

"ఎనక ఉంటె ఎవలు జూస్తరు? ఎవడు కొలిచిండని అందరడగాలె. నీ పేరు చెప్పాలె!" అంటూ అవ్వ గిర్రున తిరిగింది.