బాయి మనిషి కట్టిన ఓడ

ఇల్లందులో బస్సెక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒడిలో మూతలేని అట్టపెట్టె, అందులో ప్లాస్టిక్ తెరచాప ఓడ. బొగ్గుబాయిలో గని పని చేసి రిటైరయ్యాక ముక్కలు అతికించి, దారాలు కట్టి రెండేళ్లు చేశాడట. బూర్గంపాడులో మంచాన పడ్డ దోస్తుకు చూపించడానికి తీసుకెళ్తున్నాడు.

"ఆ బొమ్మను పైన పెట్టు తాతా. గీ వయసుల ఆటలేంది?" అన్నాడు కండక్టర్. బస్సంతా నవ్వింది.

నాకు ఒళ్లు మండింది. "మీ నాయన పేకాడితే వయసెంతని అడిగినవా? ఆయన ఒళ్లో ఉంటే నీకేం బరువు?" అంటూ లేచాను. వాడు పెట్టె మీద చెయ్యేశాడు, నేనూ వేశాను. ఇద్దరం గుంజేసరికి ఓడ నడిమి తెరచాప కొయ్య ఒరిగింది, దారాలు తెగాయి.

"చూసినవా నీ నిర్వాకం!" అని మళ్లీ కండక్టర్ మీదికే పోయాను.

"ఇద్దరూ గుంజిండ్రు," అన్నాడు పెద్దాయన. "నేనేమన్న అడిగిన్నా బిడ్డా నిన్ను?"

పెట్టె మీంచి చెయ్యి తీసేశాను.

ఆయన జేబులోంచి దారం తీసి, కళ్లు మూసుకున్నాడు. "నాకు చూపు ఆనదు. బాయిల లైటు ఆరితే గిట్లనే తడుముకుంట పనిచేసినం. నువ్వు ఆ కొయ్య పట్టుకో. మాట్లాడకు, చెయ్యి కదులుతది."

పట్టుకున్నాను. కండక్టర్ ఎదురుగా నిలబడి నవ్వుతూనే ఉన్నాడు. నోటిదాకా వచ్చిన తిట్లన్నీ మింగాను. బూర్గంపాడు వచ్చేసరికి ఆఖరి ముడి పడింది.

ఆయన దిగాక కండక్టర్‌ని కడిగేద్దామని లేచాను. నా వేళ్లు ఇంకా ఆ కొయ్యను పట్టుకున్నట్టే ఉన్నాయి. మళ్లీ కూర్చున్నాను.